మంచు మీద ఎర్ర దుప్పట్లు

డెబ్బై నాలుగు నవంబరులో లారీ మమ్మల్ని దించిన చోటుకి పేరు లేదు. కిలోమీటరు రాయి ఉంది. దాని మీద అంకె చెరిగిపోయింది. ఎడమ పక్క కొండ, కుడి పక్క లోయ, లోయ అడుగున స్పితి నది. మధ్యలో ఒక్క లారీ పట్టేంత రోడ్డు. పైనున్న సరిహద్దు చౌకీలకు రేషను, కిరసనాయిలు వెళ్లే దారి అదొక్కటే. దాని మీద పడ్డ రాళ్లు తియ్యడం మా పని. చెట్టు లేదు, గడ్డి లేదు. గాలి మాత్రం ఉంది. అది ఆగదు.

నాది రాజోలు దగ్గర పల్లె. మా నేలలో ఎంత లోతుకి తవ్వినా ఒండ్రే తప్ప రాయి తగలదు. మా ఇంటి రుబ్బురోలే నేను చిన్నప్పుడు చూసిన పెద్ద రాయి. అలాంటివాణ్ణి ఇంజనీర్ల కంపెనీలో వేసి, హిమాలయాల మీద గునపం ఇచ్చి నిలబెట్టిన వాళ్ల తెలివికి దణ్ణం పెట్టాలి.

కిట్‌లో దూది కోటు, ఉన్ని మేజోళ్లు, మంచు తళుకుకి నల్లద్దాలు, గునపం, పార ఉన్నాయి. తుపాకీ కూడా ఇచ్చారు. చలికాలం పొడుగునా దానికి నూనె రాసి గుడ్డలో చుట్టి ఉంచాను. అంతకుమించి దానితో నాకు పని పడలేదు. ఈ మాట మా ఊళ్లో చెబితే వినేవాళ్ల మొహాలు వేలాడిపోతాయి. వాళ్లకి కావలసింది వేరే.

మా సుబేదారు గఢ్వాల్ కొండల్లో పుట్టినవాడు. పొట్టి మనిషి, చెవుల దాకా మీసం. మొదటి రోజు మమ్మల్ని రోడ్డు మీద వరసగా నిలబెట్టి చెప్పాడు.

"ఇక్కడ శత్రువు లేడు. కొండ ఉంది. నిద్రలో కూడా దాని వైపు ఒక చెవి ఉంచండి."

ఆయన ఉపన్యాసం అంతే. ఇంటికొచ్చాక చాలా ఉపన్యాసాలు విన్నాను. అంత పొట్టిది మళ్లీ వినలేదు.

మా బంకరు సగం కొండలోకి తవ్వింది. పైన రేకులు, రేకుల మీద మట్టి. లోపల కిరసనాయిలు పొయ్యి. దాని మసికి అందరి ముక్కులూ లోపల నల్లగా ఉండేవి. ఒక మూల వైర్లెస్ సెట్టు, దాని పక్కన ఆపరేటరు. ఆయనది కొత్తపేట వైపు అగ్రహారం. వాళ్ల ఇంట్లో వేదం చెప్పుకుంటారు. మా ఇంట్లో ఆదివారం చర్చికి వెళ్తాం. మా ఊళ్ల మధ్య ఉన్నది వైనతేయ పాయ ఒక్కటే అయినా, ఇంటి దగ్గరైతే వాళ్ల వీధి అరుగు మీద నేను కూర్చోవడం జరిగే పని కాదు. బంకరులో ఒకే పళ్లెంలో రొట్టె తుంచుకుని తిన్నాం. ఆయన నన్ను "రాజోలు గారూ" అనేవాడు. నేను "కొత్తపేట గారూ" అనేవాణ్ణి. చలికి పెదాలు పగిలి నెత్తురు కారుతున్నా మా అండీలు మానలేదు. మిగతావాళ్లు పడీపడీ నవ్వేవారు.

మా మేజరు ఉండేది కింది క్యాంపులో. అక్కడ ఎండ వస్తుంది. ఆపిల్ తోటలు ఉన్నాయి. ఆయన ఆర్డర్లు రోజూ రేడియోలో పైకి వచ్చేవి. ఆయన మాత్రం ఒక్కసారే వచ్చాడు, డిసెంబరులో. తెల్ల చేతితొడుగులు వేసుకుని జీపు దిగాడు. కొండ అంచున పగుళ్లిచ్చిన రాతిబండ ఒకటి రోడ్డు మీదకి వాలి ఉంది. సుబేదారు దాన్ని చూపించి, పేల్చడానికి మందు కావాలని అడిగాడు. మేజరు దాని వైపు చూడనైనా చూడలేదు. రోడ్డు వారన ఉన్న గుండ్రాళ్లు చూశాడు.

"వీటికి సున్నం ఎందుకు వెయ్యలేదు?"

టీ తాగి వెళ్లిపోయాడు. మేం గుండ్రాళ్లకి సున్నం వేశాం. బండ అలాగే ఉంది.

నది అవతల ఒక ఊరుంది. మధ్యలో ఇనప తాళ్ల మీద చెక్కల వంతెన. రాయి, మట్టి పేర్చిన ఇళ్లు, పైన చదునుగా మట్టి కప్పు. కింది గదిలో పశువులు, మీది గదిలో మనుషులు. ఆ ఊరి నుంచి ఒక ముసలావిడ మా దగ్గరికి వచ్చేది. ఎండు ఆప్రికాట్ పళ్లు ఇచ్చి ఖాళీ కిరసనాయిలు డబ్బాలు తీసుకెళ్లేది. ఆవిణ్ణి మేం అమా అనేవాళ్లం. వాళ్ల భాషలో అమ్మ అని. కొడుకు కంచరగాడిదలు తోలుకుని కిందికి వెళ్లాడు. ఇంట్లో తను, కోడలు, ఒక ఆవు. సగం ఆవు, సగం జడలబర్రె. పాలు మా వంటవాడికి పోసేది.

జనవరిలో భూకంపం వచ్చింది. మధ్యాహ్నం భోజనాలై, గిన్నెలు మంచుతో తోముతున్నాం. ముందు చప్పుడు వచ్చింది. పేల్చుడు అనుకున్నాను. సుబేదారు "బయటికి!" అని అరిచాడు. కాళ్ల కింద రోడ్డు ఒక్కసారి కుడివైపు జరిగి వెనక్కి వచ్చింది. బోర్లా పడ్డాను. తలెత్తి చూస్తే ఎదటి కొండ పొగలు కక్కుతోంది. పొగ కాదు, దుమ్ము. కొండ కొండంతా రాలుతోంది. మేజరు చూడని బండ రాళ్లు తొలవడానికి మాకిచ్చిన కంప్రెసర్ బండిని తోసుకుంటూ నదిలోకి వెళ్లింది. సున్నం వేసిన గుండ్రాళ్లన్నీ దాని వెంటే పోయాయి.

బంకరు రేకులు సగం కూలాయి. వంటవాడికి భుజం ఎముక విరిగింది. ఆపరేటరు సెట్టుని కడుపు కింద పెట్టుకుని పడుకున్నాడు. సెట్టు బాగుంది. ఆయన వీపు మీద రేకు గీసిన గాటు నిలువునా ఉంది.

దుమ్ము తేలిపోయాక నది అవతలకి చూశాం. ఊరు ఉండాల్సిన చోట రాళ్ల దిబ్బ ఉంది. నది చప్పుడు ఆగిపోయింది. ఎగువన కొండ విరిగి అడ్డం పడింది. ఆ నిశ్శబ్దానికి నాకు భూకంపం కన్నా ఎక్కువ భయం వేసింది.

ఆపరేటరు సెట్టు అందుకున్నాడు.

"బేస్, ఊరు లేదు. ఓవర్."

"లేదంటే? వివరంగా చెప్పు. ఓవర్."

"లేదంటే లేదు. ఓవర్."

వంతెనకి ఒక వైపు తాడు తెగి వేలాడుతోంది. రెండో తాడు పట్టుకుని పక్కవాటుగా దాటాం. బతికున్నవాళ్లు పొలం గట్ల మీద మంచులో కూర్చున్నారు. ఒక్కరూ ఏడవడం లేదు. అమా తన ఇల్లున్న దిబ్బ మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి అరచేత్తో రాళ్ల మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. సుబేదారు బోర్లా పడుకుని చెవి ఆనించాడు. చెయ్యి ఎత్తాడు. అందరం ఊపిరి బిగపట్టాం. అడుగు నుంచి టక్ టక్ మని చప్పుడు.

కోడలు బతికే ఉంది.

చీకటి పడేదాకా తవ్వాం. చీకట్లో కూడా తవ్వాం. అది వర్ణించడం నాకు చేతకాదు, చేతనైనా వర్ణించను. పారతో కొడితే పైనున్న దూలాలు దిగబడతాయి. కాబట్టి చేతులతో ఒక్కొక్క రాయీ తీసి వెనక్కి అందించాలి. భూమి ఊరుకోలేదు. ఆగి ఆగి కదులుతూనే ఉంది. కదిలినప్పుడల్లా దిబ్బ కొంచెం కుంగేది. కింద చప్పుడు ఆగిపోయేది. అమా అరచేత్తో కొట్టేది. కాసేపటికి కింద నుంచి జవాబు వచ్చేది. తెల్లారేసరికి ఇంటి గోడ ఒకటి పట్టుకున్నాం. దాని అవతల పశువుల గది.

అప్పుడు వచ్చింది మేజరు ఆర్డరు.

ఆపరేటరు సెట్టుని ఊరి వైపుకి మోసుకొచ్చి ఒక గట్టు మీద పెట్టుకున్నాడు. చెవి దగ్గరి గొట్టం దించి, లేచి, నా దగ్గరికి వచ్చాడు. నేను గుంతలో నడుం దాకా ఉన్నాను. రెండడుగుల దూరంలో సుబేదారు.

"ఏవండీ రాజోలు గారూ, ఓ మాటండీ."

"చెప్పండి."

"మధ్యాన్నం హెలికాప్టర్లో ఎవరో పెద్దమనిషి వస్తారటండీ, పరిస్థితి చూడ్డానికి. తవ్వకం ఆపేసి, అందరూ రోడ్డు పక్కన అది దిగడానికి నేల చదును చెయ్యాలని మేజరు గారు చెప్పేరండీ."

"అందరూనా అండీ?"

"ఆయ్. ఒక్కరు కూడా ఇక్కడ ఉండకూడదన్నారు. మధ్యలో సున్నంతో పెద్ద హెచ్ అక్షరం రాయాలటండీ."

"మంచు మీద సున్నమాండీ?"

"ఆయ్. మంచు మీదేనండీ. నేనూ అదే అడిగేను. ఎదురుచెప్పకు అన్నారు."

ఒక రాయి తీసి వెనకవాడికి అందించాను. "సుబేదారు గారికి చెప్పేరా?"

"ఇంకా లేదండీ. హిందీలో చెప్పేనంటే ఆయన చెయ్యాల్సొస్తుంది. నా నోట్లోంచి తెలుగే వస్తోంది, ఏం చెయ్యమంటారు?"

సుబేదారు తల తిప్పాడు. "ఏమంటున్నాడు?"

నేను అన్నాను, "కింద వాతావరణం బాగాలేదంటున్నాడు సాబ్."

ఆయన మా ఇద్దరి మొహాలూ చూశాడు. మా మాటల మధ్య మేజరు, హెలికాప్టరు, హెచ్ అన్న మూడు ముక్కలూ ఏ భాషవాడికైనా తెలిసేవే. మీసానికి పట్టిన మంచు దులుపుకున్నాడు.

"నాకు తెలుగు రాదు," అన్నాడు. "తవ్వు."

తవ్వాను. గోడలో మూడు రాళ్లు తీసేసరికి మనిషి దూరేంత కన్నం అయింది. వెచ్చటి గాలి మొహానికి తగిలింది. పేడ వాసన. ఆ వాసన మా ఊళ్లో ప్రతి ఇంటి ముందూ ఉంటుంది. దానికి నేను ఏడుస్తానని ఎప్పుడూ అనుకోలేదు. ఇద్దరు నా చీలమండలు పట్టుకున్నారు. తల, భుజాలు లోపల పెట్టి పాకాను. ఆవు ఊపిరి వినపడింది. అది బతికే ఉంది. కాళ్లు ముడుచుకుని పడుకుని ఉంది. దాని పొట్టకి వీపు ఆనించి కోడలు కూర్చుని ఉంది. చలికి చచ్చిపోకపోవడం ఆ ఆవు వల్లే.

చెయ్యి చాపాను. అందలేదు. ఇంకొంచెం పాకాను. సరిగ్గా అప్పుడు మళ్లీ కదిలింది. పైన దూలం కీచుమంది. నా మెడ మీద మట్టి పడింది. వెనక్కి లాగెయ్యండని ఎవరో అరిచారు. "లాగొద్దు!" అని సుబేదారు గొంతు. తర్వాత తెలిసింది, ఆయన ఆ దూలం కిందికి దూరి వీపు ఆనించి నిలబడ్డాడని. కదలిక ఆగింది. ఆమె వేళ్లు నా మణికట్టు దొరకబుచ్చుకున్నాయి.

బయటికి వచ్చాక ఆమె ముందు అన్న మాట ఆవు గురించి. మాట తెలియకపోయినా కన్నం వైపు చూపిస్తున్న చెయ్యి తెలుస్తుంది. "దాన్ని కూడా తియ్యండి," అన్నాడు సుబేదారు. ఆయన వీపు వంగిపోయి ఉంది. గోడ ఇంకాస్త విప్పి దాన్నీ తీశాం.

మధ్యాహ్నం హెలికాప్టరు వచ్చింది. లోయలో రెండు చుట్లు తిరిగింది. దిగే చోటు లేదు. వెళ్లిపోయింది. పైకి చూసినవాళ్లెవరూ లేరు. ఇంకా రెండు ఇళ్లలో మనుషులున్నారు. వాళ్లని కూడా తీశాం. వాళ్లెవరూ బతికి లేరు.

రోడ్డు తెరుచుకోగానే మేజరు వచ్చాడు. ఈసారి జీపు దిగగానే గుండ్రాళ్ల కోసం వెతకలేదు, ఒక్కటీ మిగల్లేదు కాబట్టి. బంకరు ముందు మడతకుర్చీ వేయించుకుని విచారణ మొదలుపెట్టాడు. కూలిన ఊరు అక్కడికి కనపడుతుంది. ఆయన కుర్చీని అటు వీపు ఉండేలా వేయించుకున్నాడు.

"ఆర్డరు అందిందా?" ఆపరేటరుని అడిగాడు.

"అందింది సాబ్. నేను సుబేదారు సాబ్‌కి చెప్పలేదు. తప్పు నాది."

నేను ముందుకొచ్చాను. "నాకు చెప్పాడు సాబ్. తెలుగులో. నేను విని తవ్వుతూనే ఉన్నాను."

మేజరు నా వైపు చూసిన చూపు, బూటుకి అంటుకున్నదాన్ని చూసేది. "అంటే సుబేదారుకి ఏమీ తెలియదన్నమాట," అన్నాడు. ఆయనకి కావలసింది అదే. ఇద్దరు కిందివాళ్లని శిక్షిస్తే కాగితం చక్కగా ముగిసిపోతుంది.

సుబేదారు అటెన్షన్‌లో నిలబడ్డాడు. వీపు ఇంకా పూర్తిగా నిటారుగా రావడం లేదు.

"నాకు తెలుగు వచ్చు సాబ్."

"ఏమిటి?"

"తెలుగు. అర్థమవుతుంది. వాళ్లు చెప్పుకున్నదంతా అర్థమైంది."

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఆ గుంతలో సాబ్."

మేజరు అప్పుడు అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఒక్క ఆడదాని కోసం, ఒక గొడ్డు కోసం, అంత పెద్దమనిషిని గాల్లో తిప్పి పంపారు."

ఆపరేటరుకి, నాకు భుజం మీది హోదా గీతలు పోయాయి. సుబేదారుకి రావలసిన ప్రమోషన్ రాలేదు. రిటైరయ్యేదాకా రాలేదు. నాకు గీత పోయినందుకు బాధ లేదు. దాన్ని కోసి తీసినవాడి చేతికి తెల్ల తొడుగు ఉందే, అది మాత్రం ఈ రోజుకీ కంపరం పుట్టిస్తుంది.

పెద్దమనిషి మళ్లీ వచ్చాడు, ఫిబ్రవరిలో. ఈసారి ఏర్పాట్లు మేజరే దగ్గరుండి చూశాడు. మంచు మీద సున్నం కనపడదని మొత్తానికి ఆయన బుర్రకెక్కింది. కింది ఆసుపత్రి నుంచి ఊరివాళ్ల కోసం ఎర్ర దుప్పట్లు లారీలో వచ్చి ఉన్నాయి. ఇంకా పంచలేదు. వాటిని విప్పించి, మంచు మీద పరిపించి, అంచుల మీద రాళ్లు పెట్టించి హెచ్ అక్షరం వేయించాడు. పొద్దున్నే వేయించాడు. ఊరివాళ్లని ఆ పక్కనే వరసగా కూర్చోబెట్టాడు, ఫోటోలో పడాలని. గోనె సంచులు కప్పుకుని వాళ్లు ఎదురుగా పరిచి ఉన్న దుప్పట్లని చూస్తూ కూర్చున్నారు. గాలి అలాగే ఉంది.

హెలికాప్టరు మధ్యాహ్నానికి గానీ రాలేదు. రెక్కల గాలికి జనం మొహాల మీదకి మంచు కొట్టింది. పెద్దమనిషి దిగాడు. నల్ల బూట్లతో హెచ్ మధ్యలో, దుప్పట్ల మీద నిలబడ్డాడు. అక్కడి నుంచి కదల్లేదు. కదిలితే బూట్లు మంచులో దిగబడతాయి. మేజరు సెల్యూట్ కొట్టాడు. ఫోటో తీశారు. పెద్దమనిషి అమాని పిలిపించి, వెంట వచ్చిన గుమాస్తా ద్వారా అడిగాడు.

"ఏం కావాలో అడుగు."

అమా ఆయన కాళ్ల వైపు చూసి ఏదో అంది. గుమాస్తా ఒక్క క్షణం తటపటాయించి, "తమ దర్శనమే చాలంటోంది సార్," అన్నాడు. పెద్దమనిషి ఆవిడ భుజం తట్టాడు. హెలికాప్టరు ఎక్కాడు.

సుబేదారుకి వాళ్ల మాట కొంచెం తెలుసు. నా పక్కనే నిలబడి పళ్లబిగువున చెప్పాడు. "మీరు తొక్కుతున్నవి ఇచ్చెయ్యండి, చాలు. అదీ ఆవిడ అన్నది."

హెలికాప్టరు మలుపు తిరగక ముందే మేం దుప్పట్ల మీద రాళ్లు తీసేస్తున్నాం. మేజరు ఆర్డరు ఇవ్వలేదు. మేం అడగలేదు. అడుగున మంచు కరిగి అవి తడిసి బరువెక్కాయి. బాగుచేసిన వంతెన మీదుగా భుజాన వేసుకుని మోశాం. ఆరబెట్టడానికి రెండు రోజులు పట్టింది. ఆ ఫోటోతో మేజరుకి మెచ్చుకోలు పత్రం వచ్చిందని తర్వాత విన్నాం. విని ఉమ్మేశాం. చలికి అది నేల మీద పడగానే గడ్డకట్టింది.

ఎండాకాలం మొదట్లో మా వంతు అయిపోయింది. లారీలో కిందికి, అక్కడి నుంచి రైళ్లు మారుతూ రాజమండ్రి. రావులపాలెం మీదుగా బస్సులో వస్తుంటే, కాలవ గట్లు, కొబ్బరితోటలు, ఎక్కడ చూసినా చదును. కండక్టరు "ఏవండీ, టిక్కెట్టండీ" అంటే, ఆ అండీలు మళ్లీ వినాలని ఇంకోసారి అడిగించుకున్నాను. ఆపరేటరు నాతోనే ఉన్నాడు. కొత్తపేట దగ్గర దిగుతూ, "ఓసారి ఇంటికి రండి రాజోలు గారూ," అన్నాడు. వెళ్లాను. వాళ్ల నాన్నగారు అరుగు మీదే కూర్చోబెట్టారు. ఆపరేటరు లోపలి నుంచి రెండు పళ్లాలు తెచ్చి, నా పక్కన కూర్చుని తిన్నాడు. పెద్దాయన వీధిలోకి చూస్తూ ఉండిపోయారు.

ఎనభైల్లో ఒకసారి అమలాపురంలో మాజీ సైనికులకి సన్మానం అన్నారు. మా తమ్ముడు బలవంతపెడితే వెళ్లాను. మైకు ముందు ఒకాయన నేను శత్రుమూకల్ని చీల్చి చెండాడానని చెప్పాడు. ఆయన నన్ను చూడటం అదే మొదలు. శాలువా కప్పారు. మే నెలలో ఉన్ని శాలువా. దిగాక మండపేట నుంచి వచ్చిన మిల్లు ఆసామి ఒకాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"తమరు ఎంతమందిని లేపేసేరండీ?"

"ఎవర్నీ చంపలేదండీ. మట్టిలోంచి ఒకావిణ్ణి బతికుండగా తీసేం."

ఆయన మొహం వాడిపోయింది. "ఒక్కర్నేనాండీ?"

"ఆయ్. ఒక ఆవుని కూడానండీ."

ఆయన చెయ్యి వదిలేసి ఇంకో మాజీ సైనికుణ్ణి వెతుక్కుంటూ వెళ్లాడు. అలాంటివాళ్లకి ఆ లోయ గురించి చెప్పడం దండగ అని ఆ రోజే అనుకున్నాను. ఇన్నాళ్లకి ఇలా రాస్తున్నది కూడా వాళ్ల కోసం కాదు.

ఆ లోయ నుంచి బయల్దేరిన పొద్దున, లారీ ఎక్కి, మళ్లీ పారుతున్న నది అవతలకి చూశాను. ఊరివాళ్లు రాళ్లు ఏరి కుప్పలు పోశారు. డేరాల్లో ఉంటున్నారు. అమా ఇల్లున్న చోట గోడలన్నీ పోయాయి. దేవదారు చెక్క గుమ్మం ఒక్కటే నిలబడి ఉంది. చుట్టూ ఖాళీ. పైన ఆకాశం. కోడలు వీపు మీద నీళ్ల డబ్బాతో నది నుంచి ఎక్కి వచ్చింది. డేరా ఆ గుమ్మం వెనకే ఉంది. ఏ పక్క నుంచైనా చుట్టి వెళ్లొచ్చు. ఆమె గుమ్మం ముందు ఆగింది. పైకమ్మి తలకి తగలకుండా వంగింది. గడప దాటి లోపలికి వెళ్లింది.